తండా మాటకు నిఘంటువు

నిఘంటువును అందరూ నిరపాయమైన గ్రంథంగా భావిస్తారు. కవిత్వంలో పక్షం ఉంటుందనీ, చరిత్రలో పక్షం ఉంటుందనీ ఒప్పుకునేవారు సైతం నిఘంటువుకు పక్షం ఉంటుందంటే నవ్వుతారు. మాటలను అకారాది క్రమంలో పేర్చి, పక్కన అర్థాలు రాసుకుపోయే పనిలో న్యాయాన్యాయాల ప్రసక్తి ఏమున్నదని వారి ప్రశ్న. ఒక జనం మాటలను పోగుచేసి, వాటికి వరస కట్టి, అర్థం చెప్పి లోకం ముందు పెట్టేవాడు అడుగడుగునా ఎవరో ఒకరి తరఫున తీర్పు చెబుతూనే ఉంటాడని నా అభిప్రాయం. తీర్పు చెబుతున్నానన్న సంగతి అతనికి తెలియకపోవచ్చు. తెలియనంత మాత్రాన తీర్పు తీర్పు కాకపోదు.

తెలుగు చదువుకున్నవారికి ఈ విషయం కొత్తది కాకూడదు. 1885లో బహుజనపల్లి సీతారామాచార్యులు శబ్దరత్నాకరాన్ని వెలువరించారు. అది ఏకాకిగా ఒక పండితుడు సాధించిన మహత్తర కృషి. ఆ కృషికి కొలబద్ద మాత్రం కావ్యప్రయోగం. కవి వాడితే అది శబ్దం. కాపువాడు, కుమ్మరి, సాలెవాడు వాడితే అది గ్రామ్యం. 1936లో తొలి సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు కూడా ఆ కొలబద్దను వదలలేదు. నాగలి దున్నేవాడు తన నాగలి భాగాలను ఏమంటాడో శాస్త్రీయంగా సేకరించి గ్రంథస్థం చెయ్యడానికి, 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశాన్ని ప్రచురించేదాకా ఆగవలసి వచ్చింది. అంటే తెలుగు దేశంలో తెలుగు మాట్లాడే శ్రమజీవి తన భాష నిఘంటువులోకి అడుగుపెట్టడానికి కొన్ని తరాలు గడప బయట నిలబడ్డాడు. ఆ అవమానం అనుభవించిన మనం, మన పక్కనే బతుకుతున్న మరో భాష విషయంలో గడపకు ఏ వైపున నిలబడ్డాం? ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచిన ప్రశ్న ఇదే.

నేను వికారాబాదులో ఉంటూ తాండూరులో ఒక కళాశాలలో తెలుగు బోధిస్తున్నాను. నా తరగతిలో కూర్చునే విద్యార్థుల్లో చాలామంది పెద్దేముల్, బషీరాబాద్, యాలాల్ మండలాల తండాల నుంచి వస్తారు. నాతో తెలుగులో మాట్లాడతారు. గంట కొట్టగానే తమలో తాము గోర్ బోలిలోకి, అంటే మనం లంబాడీ భాష అనేదానిలోకి దిగిపోతారు. వారిలో కొందరు తమ భాషకు ఆన్‌లైన్ నిఘంటువు ఒకటి తయారు చెయ్యడానికి పూనుకున్నారు. అచ్చు పుస్తకానికి డబ్బు లేదు. ఫోను మాత్రం ప్రతి ఇంటా ఉన్నది. లిపి, అక్షరక్రమం, పదవిభాగం చూసిపెట్టే పని నా మీద పెట్టారు. ఈ వ్యాసంలోని ఆలోచనలన్నీ ఆ పనిలోంచి పుట్టినవే.

లంబాడీ భాష స్థితిని ముందుగా చెప్పుకోవాలి. ఇది రాజస్థానీ భాషలకు దగ్గరి చుట్టం. ఉప్పు, ధాన్యం ఎడ్ల మీద మోసుకుంటూ దక్కను అంతటా తిరిగిన బంజారాల భాష. మొగలు సైన్యాలకు తిండిగింజలు చేరవేసింది ఈ బిడారులే. ఆ సంచార వర్తకాన్ని వారు లదేణి అంటారు. పందొమ్మిదో శతాబ్దంలో రోడ్లు, రైళ్ళు వచ్చి లదేణిని చంపేశాయి. 1874లో వాడీ నుంచి సికింద్రాబాదుకు వేసిన రైలుమార్గం తాండూరు, వికారాబాదుల మీదుగానే పోతుంది; నేను రోజూ ఉద్యోగానికి వెళ్ళేది ఆ దారినే. బతుకుతెరువు పోయినవారి మీద తెల్లదొరతనం ఇంకో ముద్ర వేసింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కింద బంజారాల్లో అనేక సమూహాలను పుట్టుకతో నేరస్థులుగా ప్రకటించారు. ఆ చట్టం 1952లో గాని రద్దు కాలేదు.

గ్రియర్సన్ భారతీయ భాషా సర్వేలో 1907 నాటి సంపుటంలో బంజారీకి చోటు దొరికింది. హైదరాబాదు సంస్థానం ఆ సర్వే పరిధిలో లేదు గనుక మన ప్రాంతపు తండాల మాట అందులోకి ఎక్కలేదు. స్వతంత్ర భారతంలో 2011 జనాభా లెక్కల్లో లంబాడీ మాతృభాష అని రాయించినవారు 32 లక్షలకు పైగా, బంజారీ అని రాయించినవారు 15 లక్షలకు పైగా ఉన్నారు. వారందరినీ ప్రభుత్వం హిందీ పద్దు కింద కలిపి లెక్కవేసింది. ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఈ భాష లేదు. రాజ్యం దృష్టిలో ఒక భాష ఉండటమో లేకపోవటమో పలికేవారి సంఖ్యను బట్టి తేలే విషయం కాదని దీనివల్ల స్పష్టమవుతున్నది.

ఇటువంటి భాషకు నిఘంటువు రాయడమంటే మనకు వెంటనే గుర్తుకు రావలసిన పేరు గిడుగు రామమూర్తి. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఆయనను ఏటా స్మరిస్తాం. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టి, వాచకాలు రాసిన గిడుగును అంతగా స్మరించం. ఆయన సవర వ్యాకరణం 1931లోనూ, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ అచ్చయ్యాయి. దశాబ్దాల తపస్సు అది. నా దృష్టిలో ఈ రెండు కృషుల మూలం ఒకటే: ప్రజలు పలికే మాటకు గౌరవం.

అయినా, గౌరవంతోనే ఒక ప్రశ్న వేసుకోవాలి. రోమను ధ్వనిలిపిలో రాసి ఇంగ్లీషులో అర్థం చెప్పిన నిఘంటువును ఏ సవర రైతు తెరిచి చూడగలడు? ఆ నిఘంటువు భాషాశాస్త్రానికి అమూల్యమైనది. ఆ కాలంలో ప్రభుత్వమే ప్రచురణకర్త, దొరలే పాఠకులు. కనుక ఈ తప్పు గిడుగుది కాదు, ఆ వ్యవస్థది. అయితే 1936లో సవరల్లోనే పుట్టిన మంగై గొమాంగో తమ భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని రూపొందించాడు. బయటినుంచి వచ్చిన పండితుడి ప్రేమ ఎంత గొప్పదైనా, తన మాటను తానే రాసుకోవాలన్న కోరిక దానివల్ల తీరదని ఈ సంఘటన మనకు చెబుతున్నది.

ఇక మా పనిలో ఎదురైన ప్రశ్నలకు వస్తాను. పైకి ఇవన్నీ సాంకేతికమైనవిగా కనిపిస్తాయి.

మొదటిది లిపి, వరస. లంబాడీని మహారాష్ట్రలో దేవనాగరిలోనూ, కర్ణాటకలో కన్నడ లిపిలోనూ, ఇక్కడ తెలుగు లిపిలోనూ రాస్తున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గిరిజన మాతృభాషల్లో ప్రాథమిక విద్య మొదలుపెట్టినప్పుడు బంజారా వాచకాలను తెలుగు లిపిలోనే తయారు చేశారు. మా విద్యార్థులకు వచ్చినది తెలుగు లిపి గనుక మేమూ దానినే తీసుకున్నాం. ముక్కుతో పలికే అచ్చులు వచ్చిన చోట అరసున్న పెట్టాం. ఆడవారి రవికెను కాఁచళి అని రాశాం. వ్యావహారికవాదులు తెలుగులోంచి సాగనంపిన అరసున్నకు ఈ విధంగా తండాలో కొలువు దొరికింది.

చిక్కు అక్కడే మొదలైంది. కంప్యూటరుకు కాఁచళి వేరు, కాచళి వేరు. అరసున్న లేకుండా వెతికిన పిల్లవాడికి అది "ఈ మాట లేదు" అని జవాబిస్తుంది. ళ బదులు ల కొట్టినా అదే జవాబు. ఆలోచించండి: తన తల్లి రోజూ పలికే మాటను, తన భాష నిఘంటువులో, ఒక పిల్లవాడు వెతికితే లేదని చెప్పడం చిన్న విషయమా? బడిలో వాడికి ఇదివరకే ఆ మాట చెప్పి ఉన్నారు. కనుక వెతికేటప్పుడు అరసున్ననూ, ల–ళ భేదాన్నీ పట్టించుకోకుండా యంత్రానికి నియమం రాయించాం. శుద్ధరూపం చూపించవలసిందే, అది తెలియనివాడిని బయట నిలబెట్టకూడదు. శబ్దరత్నాకర కాలం నాటి గడప ఈసారి వెతుకుడు పెట్టె రూపంలో వచ్చింది.

ఆస్ట్రేలియాలో ఆదివాసీ భాషల నిఘంటువులు తయారు చేసేవారు ఒక పద్ధతి పాటిస్తూ వచ్చారు. సాదా దస్త్రంలో ప్రతి పంక్తికీ ముందు ఒక గుర్తు పెడతారు. ఇది ఆరోపం, ఇది పదవిభాగం, ఇది అర్థం, ఇది ఉదాహరణ అని. ఆ ఒక్క దస్త్రం నుంచే పుస్తకమూ, ఆన్‌లైన్ పుటా రెండూ తీసుకోవచ్చు. న్యూ సౌత్ వేల్స్‌లోని గమిలరాయ్ భాష నిఘంటువు 1996లోనే ఆన్‌లైన్‌లోకి వచ్చింది. వార్ల్‌పిరి భాష మాటలను కెన్ హేల్ అనే భాషావేత్త 1959లో సేకరించనారంభిస్తే, ఎందరో వార్ల్‌పిరి పెద్దల, ఉపాధ్యాయుల శ్రమతో పెరిగి పెరిగి 2022లో సమగ్ర నిఘంటువుగా వెలువడింది. లంబాడీలు ఆస్ట్రేలియా ఆదివాసుల వలె ఈ నేలకు తొలివాసులు కారు. వారి చరిత్ర వేరు. పెద్ద భాష నీడన చిన్న భాష నిలబడవలసిన పరిస్థితి మాత్రం రెండుచోట్లా ఒకటే.

మేమూ ఆ పద్ధతినే అనుసరించాం. అయితే మరో రెండు గుర్తులు చేర్చాం: మాట చెప్పినది ఎవరు, ఏ తండాలో. ఆ పేర్లు వారి అనుమతి ఉంటేనే పైకి కనిపిస్తాయి. నిఘంటుకర్త పేరు అట్ట మీద వేసి, మాటలు ఇచ్చినవారిని "సమాచార దాతలు" అని ముందుమాటలో ఒక వాక్యంతో సరిపెట్టడం పండిత లోకపు అలవాటు. శ్రమ ఒకరిది, ఫలం మరొకరిదిగా ఉండే వ్యవస్థను బయట విమర్శించేవాళ్ళం, పుస్తకంలో దానినే పాటించడం న్యాయం కాదు.

రెండవ ప్రశ్న అర్థం. నసాబ్ అనే మాట ఉన్నది. నాయక్, కారభారి, పెద్దలు కూర్చుని తగవు తీర్చే తండా న్యాయసభ అది. మొదట ఒక విద్యార్థి దానికి ఎదురుగా "పంచాయతీ" అని రాశాడు. తెలుగువాడికి సులువుగా అర్థమవుతుంది. అయితే 2018లో తండాలను గ్రామపంచాయతీలు చేశాక తండాలో ఇప్పుడు పంచాయతీ కూడా ఉన్నది. ఎన్నికలు, గుమాస్తా, లెక్కలు ఉన్న సంస్థ అది. నసాబ్ వేరు, పంచాయతీ వేరు. ఒక్క మాటతో సరిపెడితే, ఒక జనం తమ తగవులు తాము తీర్చుకున్న చరిత్ర అంతా ప్రభుత్వ సంస్థ పేరు కింద కనపడకుండా పోతుంది. లెక్కల్లో లంబాడీని హిందీ కింద కలిపిన పద్ధతికీ దీనికీ తేడా ఏమిటి?

ఇంకొక మాట కోర్. వారు తమను గోర్ అంటారు. తమవారు కానివారిని కోర్ అంటారు. ఈ మాటకు అర్థం రాయవలసి వచ్చినప్పుడు గదిలో కొంత మౌనం. ఆ కోర్‌ను నేనే గదా. చివరకు ఒక అమ్మాయి నవ్వుతూ, "సార్, మీరు రాయొద్దు. మేం రాస్తాం" అన్నది. రాశారు. "గోర్ కానివారు, ఊరివారు" అని. పక్కన గోర్ బోలిలోనే ఒక ఉదాహరణ వాక్యం పెట్టారు. నిఘంటువు ఎల్లకాలమూ ఇతరులను నిర్వచించే పుస్తకంగానే ఉంటూ వచ్చింది. దొర నల్లవాడిని, పట్నంవాడు పల్లెటూరివాడిని, ఊరివాడు తండావాడిని నిర్వచించాడు. తండావాడు ఊరివాడిని నిర్వచించిన ఆరోపం కనీసం ఒకటి నిఘంటువులో ఉండాలి. అందుకని ప్రతి మాటకూ తెలుగు అర్థం కంటె ముందు గోర్ బోలి వివరణ ఉండాలన్న నియమం పెట్టుకున్నాం. పని రెట్టింపయింది. అయినా ఆ భాషవారికి ఆ భాషలోనే అర్థం చెప్పని నిఘంటువు వారి నిఘంటువు కాదు, వారి మీద తయారైన నిఘంటువు.

మూడవ ప్రశ్న అన్నిటికంటె కష్టమైనది. మన పాఠకుల్లో అభిప్రాయభేదం వచ్చేదీ ఇక్కడే. మాటలను సేకరించినంత మాత్రాన వాటిని ప్రపంచానికంతకూ తెరిచి పెట్టే హక్కు ఉన్నదా?

ఢావ్లో అనే పాటలున్నాయి. పెళ్ళై అత్తవారింటికి పోయే పిల్ల, తల్లినీ తండ్రినీ తోబుట్టువులనూ పట్టుకుని ఏడుస్తూ పాడేవి. పెద్దవాళ్ళు పిల్లలకు నేర్పుతారు. ఈ పేరునే పుస్తకానికి పెట్టుకున్న యువ రచయిత రమేశ్ కార్తీక్ నాయక్‌కు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది గనుక సాహిత్యలోకానికి ఇప్పుడు ఇది తెలిసిన మాటే. ఉదాహరణగా ఒక పాట ధ్వనిముద్రణ పెడదామని విద్యార్థులు ఒక ముసలామెను అడిగారు. ఆమె మాటలన్నీ చెప్పింది; పాట పాడింది కూడా. చివరకు నాతో తెలుగులో ఇలా అన్నది: "మాటలు రాసుకోన్రి బిడ్డా. పాట మాత్రం ఫోన్ల పెట్టకున్రి. అది పెండ్లినాడు ఏడ్సెతందుకున్నది. హోటల్ల కూసోని ఇనెతందుకు గాదు."

ఆ సాయంత్రం మాలో పెద్ద వాదమే జరిగింది. విద్యార్థి సంఘంలో పనిచేసే ఒక మిత్రుడి వాదం ఇది: జ్ఞానం మానవజాతి ఉమ్మడి సొత్తు. దానిని దాచిపెట్టడం అగ్రహారం చేసిన పని. వేదం శూద్రుడు వినకూడదన్నవాడికీ, ఢావ్లో ఊరివాడు వినకూడదన్నవారికీ తేడా ఏమిటి? పదునైన ప్రశ్న. అభ్యుదయవాదులమైన మనం దీనిని తేలికగా తోసిపుచ్చలేం.

తేడా ఉన్నదనే నా సమాధానం. జ్ఞానాన్ని దాచినవాడు ఏ స్థానంలో నిలబడి దాచాడన్నది చూడాలి. వేదాన్ని దాచినవాడు అధికారాన్ని కాపాడుకోవడానికి దాచాడు. దానివల్ల లక్షలాది జనానికి విద్య దూరమైంది. ముసలామె దాచమన్నది అధికారం కోసం కాదు, దుఃఖం గౌరవం కోసం. ఆమె దాచినందువల్ల ఎవరికీ భూమి పోదు, చదువు పోదు. పైగా, ఈ జనం మాటలు బయటివారి చేతుల్లో పడ్డప్పుడు ఏం జరిగిందో చరిత్ర చెబుతున్నది. నేరస్థ జాతులని ముద్రవేసిన వారి మీద పోలీసు అధికారులు రాసిన పుస్తకాల్లో వారి రహస్య పదాల పట్టికలు కూడా ఉండేవి. అవీ ఒక విధమైన నిఘంటువులే. పట్టుకోవడానికి తయారుచేసినవి.

ఇవాళ పోలీసు స్థానంలో బజారు వచ్చింది. యంత్రాలకు భాషలు నేర్పి అమ్ముకునే బహుళజాతి సంస్థలు ప్రపంచంలోని ప్రతి మాటనూ, ప్రతి గొంతునూ ముడిసరుకుగా చూస్తున్నాయి. న్యూజీలాండ్‌లో తె హికు మీడియా అనే మావోరీ ప్రసార సంస్థ 2018లో తమ ప్రజల చేత పది రోజుల్లో 300 గంటలకు పైగా మాటలు చదివించి రికార్డు చేయించింది; దానిని కంపెనీలకు అప్పగించడానికి నిరాకరించి, మావోరీ ప్రజల మేలుకే వాడాలన్న షరతుతో ప్రత్యేకమైన అనుమతిపత్రాన్ని రూపొందించింది. ఉమ్మడి ఆస్తికీ, కాపలా లేని ఆస్తికీ ఉన్న తేడా ఇక్కడ తెలుస్తుంది. ఊరుమ్మడి చెరువు అంటే ఊరందరిదీ అని అర్థం. లారీ తెచ్చుకున్న ప్రతివాడూ తోడుకుపోవచ్చునని కాదు.

ఆస్ట్రేలియా ఆదివాసుల్లో చాలాచోట్ల చనిపోయినవారి పేరు కొంతకాలం పలకరు. మధ్య ఆస్ట్రేలియాలో ఆ పేరుకు బదులు కుమన్‌జాయి అంటారు. అక్కడి పుస్తకాలు, ఆన్‌లైన్ పుటలు ముందుగానే చనిపోయినవారి పేర్లు, బొమ్మలు ఉండవచ్చునని హెచ్చరిక చేస్తాయి. శాస్త్రం ఆ కట్టుబాటుకు తలవంచినందువల్ల శాస్త్రానికి నష్టం జరగలేదు; నమ్మకం పెరిగి మరిన్ని మాటలు వచ్చాయి. మా నిఘంటువులో ఢావ్లో మాట ఉన్నది, వివరణ ఉన్నది. పాట లేదు. పాట తండాలో ఉన్నదని రాశాం.

ఇక చివరి ఆక్షేపణ. "తండాల్లో నీళ్ళు లేవు, పని లేదు, భూమికి భద్రత లేదు, మీరు నిఘంటువులు రాస్తున్నారా?" అని మా మిత్రులే అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. మా జిల్లాలోనే, 2024 నవంబరులో, దుద్యాల మండలంలోని లగచర్ల, రోటిబండ తండా రైతులు ఔషధ పరిశ్రమల కోసం తమ భూములు తీసుకోవడాన్ని వ్యతిరేకించారు. అరెస్టులు జరిగాయి. తండా ఆడవాళ్ళు ఢిల్లీ దాకా వెళ్ళి మొరపెట్టుకున్నారు. ఆ నెల ముగిసేలోపే ప్రభుత్వం ఆ భూసేకరణ ప్రకటనను వెనక్కు తీసుకున్నది. ఆ పోరాటంలో నిఘంటువు ఏం చేసింది? ఏమీ చెయ్యలేదు. నేల పోతే భాష మిగలదు; ఇది నిస్సందేహం. భూమి కోసం జరిగే పోరాటానికి నిఘంటువు ప్రత్యామ్నాయం అని ఎవరైనా అంటే అది మోసం.

అయితే ఈ వాదాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకుపోదాం. భూమి మీద నోటీసు ఏ భాషలో వస్తుంది? ఆసుపత్రిలో నొప్పి ఏ భాషలో చెప్పుకోవాలి? న్యాయస్థానంలో సాక్ష్యం ఏ భాషలో నమోదవుతుంది? తన భాషలో తన మాట చెప్పుకోలేని మనిషి ఈ గుమ్మాలన్నిటి ముందూ సగం మనిషిగానే నిలబడతాడు. అన్నం ముందా, మాట ముందా అన్న ప్రశ్న కడుపు నిండినవాడు వేసే ప్రశ్న. ఆకలిగొన్నవాడికి రెండూ ఒక్కసారే కావాలి, ఎందుకంటే అన్నం అడగాలన్నా మాట కావాలి.

కనుక నిఘంటువు మంచిదా చెడ్డదా అనేది అందులోని మాటల సంఖ్యను బట్టి తేలదు. దాని మాటలు పలికేవారు దానిని తెరవగలరా? అందులో తమ అర్థం తాము చెప్పుకోగలరా? తప్పును దిద్దగలరా? వద్దన్నదానిని తీయించగలరా? ఈ నాలుగింటికీ అవునని సమాధానం వచ్చిననాడు అది ప్రజల నిఘంటువు. ఒక్కదానికి కాదని వచ్చినా, ఎంత పెద్ద సంపుటమైనా అది వారి మీద రాసిన దస్తావేజు మాత్రమే. మన కళాశాలల్లో తెలుగు చెప్పేవారు, చదువుకునేవారు గిడుగు జయంతినాడు దండ వేసి ఊరుకోకుండా, తమ తరగతి గదిలోనే కూర్చున్న కోయ, గోండు, కొలామి, ఎరుకల, లంబాడీ విద్యార్థుల దగ్గర ఈ పని నేర్చుకోవాలి. వారు రాస్తారు. అక్షరక్రమం చూసిపెట్టడం మన వంతు.